అపరాన్నపూర్ణ శ్రీమతి డొక్కా సీతమ్మగారు

వార్షిక మహాసభలకై వెలువడు ఇట్టి సంచికలయందు మహనీయులలో నొకరి జీవితమును చెప్పుకొనుట మన పెద్దలు నెలకొల్పిన ఆచారము. సాధారణముగా మన కులమున జనించి కీర్తి గాంచినవారినే ఇందులకు ఎన్నుకొనుచుందుము. ఈ యేడు మేము చెప్పబూనిన చరిత్రము మన కులమువారిది కాదు. గోదావరి సీమలో లంకల గన్నవరము అను పల్లెయందు, ఒక బ్రాహ్మణ గృహమున, పొయ్యి యెదుట జీవితమంతయు గడపిన యిల్లాలిది. ఆమె గ్రంథములు రచింపలేదు; సభలలో ఉపన్యసింపలేదు; పెద్ద చదువులు చదివినదియు కాదు. ఆకలిగొని తన గుమ్మము ముందు నిలిచినవారికి అన్నము పెట్టినది. ఆ యొక్క పనిని జీవితాంతము మానక చేసినందున, ఆమె గతించి నూఱేండ్లు దాటినను గోదావరి తీరమున డొక్కా సీతమ్మగారి పేరు ఎఱుగనివారు అరుదు.

అన్యకులమునందు పుట్టిన యిల్లాలి కథ మన సంచికకేల యని కొందఱికి తోచవచ్చును. వచ్చినవాని కులమేమని ఆమె అన్నము పెట్టుటకు ముందు అడుగలేదు. మన తాతలలో గోదావరి దాటి పోయినవారెవరైన ఆమె యింట భుజించియే యుండవచ్చును. అట్టి తల్లి చరిత్రమును ఆమె కులమేమని అడిగి ప్రక్కకు నెట్టుట మనకు తగదని మా యభిప్రాయము. మఱియు, మన బిడ్డలు సద్గుణవంతులు కావలెనని మనమెల్లరమును కోరుచున్నాము. సద్గుణము ఇంటిలో ఎట్లు పుట్టునో, ఎట్లు పెరుగునో తెలిసికొనుటకు ఈమె జీవితమును మించిన పాఠము మాకు కనబడలేదు.

జననము, పుట్టినిల్లు

సీతమ్మగారు 1841వ సంవత్సరము అక్టోబరు మాసమున మండపేటయందు జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. భవానీశంకరముగారు గొప్ప ధనికులని ప్రసిద్ధులు కారు. తమ యింటికి వచ్చినవారిని అన్నము పెట్టకుండ పంపెడివారు కారని మాత్రము ఊరంతయు ఎఱుగును. అందుచే జనులు ఆయన అసలు పేరు విడిచి బువ్వన్న అని పిలుచుచుండిరి. బువ్వ యనునది మన తెలుగు బిడ్డలు తొలుత నేర్చు నాలుగైదు మాటలలో నొకటి. ఆ పసిమాటయే యొక పెద్దమనిషికి బిరుదమైనది. రాజులిచ్చిన బిరుదములు రాజ్యములతో మాసిపోయినవి. పల్లెవాసులు ఇచ్చిన ఈ బిరుదము నేటికిని నిలిచియున్నది.

అది ఎట్టి కాలమో చదువరులు ఒకింత తలచుకొనవలయును. సీతమ్మగారు పుట్టుటకు ఎనిమిదేండ్లకు ముందు, 1833లో, గుంటూరు సీమను దారుణమైన కఱవు పీడించెను. గోదావరి నీరు ప్రతి వత్సరమును సముద్రము పాలగుచుండగా దాని తీరమున నున్నవారే పంటలు లేక వలసపోవుచుండిరి. 1821వ సంవత్సరమునకును 1841వ సంవత్సరమునకును నడుమ రాజమహేంద్రవరపు మండలమున జనసంఖ్య పెరుగుటకు మాఱు తగ్గిపోయెను. సర్ ఆర్థరు కాటనుగారు ధవళేశ్వరమున ఆనకట్ట పని ఆరంభించినది 1847లో. అది ముగిసినది 1852లో. కావున సీతమ్మగారి బాల్యము కఱవు జ్ఞాపకములు ఇంకను మాసిపోని దినములయందు గడచినది. గుప్పెడు బియ్యము విలువ ఎఱిగిన కాలమున, తండ్రి పరులకు వడ్డించుటను ఆ బాలిక చూచినది. పదింటిలో నుండి యొకటి యిచ్చుటను చూచిన బిడ్డకును, రెండింటిలో నుండి యొకటి యిచ్చుటను చూచిన బిడ్డకును కలుగు సంస్కారము ఒక్కటి కాదు.

చిన్ననాడే తల్లి గతించుటచే ఇంటి పని సీతమ్మగారిపై బడెనని చెప్పుదురు. ఆడుకొనవలసిన వయస్సున ఆమె వండుటయు, వడ్డించుటయు నేర్చుకొనిరి. తండ్రి ఆమెకు అతిథి సేవను గూర్చి ఉపన్యాసములు చేసియుండునని మేము తలపము. మధ్యాహ్నవేళ ఎవరో యొక బాటసారి వచ్చి యరుగుపై కూర్చుండగా, లేచి కాళ్లకు నీళ్లిచ్చి, లోనికి పిలిచియుండును. కూతురు వడ్డించుచుండగా తాను ప్రక్కన నిలిచి, అతనికి ఏమి కావలెనో కనిపెట్టి యుండును. బిడ్డకు అదియే పాఠశాల.

వివాహము

లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్న పంతులుగారు వేదపండితులు, సేద్యము గలవారు. ఆయన యొకమారు పొరుగూరినుండి మరలి వచ్చుచు మధ్యాహ్నమగుటచే మండపేటయందు భవానీశంకరముగారి యింట భోజనమునకు ఆగిరనియు, వడ్డించిన బాలికయొక్క వినయమును, ఓర్పును, నేర్పును చూచి ఆమెను వివాహమాడ గోరిరనియు పెద్దలు చెప్పుకొందురు. ఇందొక విశేషము కలదు. అతిథిగా వచ్చినవాడు అల్లుడయ్యెను. పరుని ఆదరించు ఇంటిలో పెరిగిన పిల్లను, ఆ యాదరమును స్వయముగా అనుభవించినవాడు కోరి చేసికొనుటచే, ఆమె మెట్టినింటను ఆ ధర్మము కొనసాగుటకు అడ్డు లేకపోయెను. సీతమ్మగారి కీర్తిని చెప్పువారు జోగన్న పంతులుగారిని మఱచుచుందురు. అది న్యాయము కాదు. ఇల్లాలు పెట్టదలచినను గృహస్థు ముఖము చిట్లించిన యింట అన్నదానము పది దినములు సాగదు.

లంకల గన్నవరము

కోనసీమలో గోదావరి పాయయైన వైనతేయ తీరమున గన్నవరము కలదు. నలుదెసల నదీశాఖలు, కాలువలు, లంకలు గల భూమి యది. ఆనకట్ట వెలసిన పిమ్మట కాలువ నీటిని వైనతేయ మీదుగా ఆవలి లంకకు చేర్చుటకై 1850 ప్రాంతములలో ఇచ్చట నలుబదితొమ్మిది ఖానాల వంతెన వంటి మేటి కట్టడము నిర్మింపబడెను. సముద్రతీరమున నున్న అంతర్వేది నరసింహస్వామిని దర్శింప బోవు యాత్రికులును, పెండ్లివారును, పడవవారును, బండ్లవారును, కూలికై పొరుగు లంకలకు పోవువారును ఈ మార్గమున పోవుచుందురు. నాడు రైలు లేదు, మోటారు లేదు, డబ్బిచ్చి తినుటకు పూటకూళ్లయిండ్లు ఊరూర లేవు. రేవున పడవ తప్పినవాడు మఱునాటి వఱకు నిలువవలసినదే. వాన పట్టినచో రెండు మూడు దినములైనను కదలుటకు వీలుండదు. అట్టి బాటసారికి చీకటిలో కనబడు ఒక దీపము ఎంతటి యండయో, కారులలో తిరుగుచున్న మనకు ఊహించుటయే కష్టము.

ఆ దీపము డొక్కావారి యింటిది. పగలనక, రాత్రి యనక, ఏ వేళకు ఎవరు వచ్చినను ఆ యింట అన్నము దొరకును. ఇట్లు వ్రాయుటకు ఒక్క పంక్తి చాలును. చేయుటకు ఎంత శ్రమయో మన గృహలక్ష్ములు ఎఱుగుదురు. నాడు మర బియ్యము లేదు; వడ్లు దంపవలెను, చెఱుగవలెను. వంటచెఱకు వానకు తడియకుండ దాచవలెను. నీరు మోయవలెను. పప్పులు, ఊరగాయలు, చింతపండు ఏడాదికి సరిపడ వేసవిలోనే సమకూర్చుకొనవలెను. లంక భూములలో కందయు, పెండలమును, అరటియు, కొబ్బరియు పండును గనుక కూరకు లోటు లేకపోవచ్చును. అయినను అర్ధరాత్రము వచ్చిన పదిమందికి అప్పటికప్పుడు పొయ్యి రాజవేయుట పంట చేసెడి పని కాదు. మనస్సు చేసెడి పని. పగలంతయు వంటయింట నిలిచిన యిల్లాలు నడుము వాల్చిన గడియకే తలుపు చప్పుడైనపుడు విసుగు చెందక లేచుటయే ఈ చరిత్రమునందలి అసలైన గొప్పతనమని మా తలంపు. ఒకనాడు వేయిమందికి సంతర్పణ చేయువారు కలరు. ఒక్కని కొఱకు రాత్రి నిద్ర విడిచి, ఆ పనిని మఱునాడును, ఆ మఱునాడును చేయువారు ఎందఱు?

వరద రాత్రి

ఆమెను గూర్చి కోనసీమయందు చెప్పుకొను కథలలో రెండింటిని మాత్రము ఇచ్చట చెప్పెదము.

ఒకమారు గోదావరి పొంగి లంకలను ముంచెత్తుచుండెను. రాత్రివేళ ఆవలినుండి ఎవరో ఆకలితో సీతమ్మగారిని పిలుచుచు కేకలు వేయుట ఆ దంపతులకు వినబడెను. అట్టి వరదలో పడవ కట్టుటకు ఎవరికిని ధైర్యము చాలదు. ఆమె అన్నము సిద్ధము చేయగా, జోగన్న పంతులుగారు స్వయముగా పడవపై బయలుదేఱి ఆ యన్నమును అందజేసిరట. పిలిచినవాడెవడో, ఏ కులమువాడో, మంచివాడో చెడ్డవాడో ఆ చీకటిలో వారికి తెలియదు. తెలిసినది ఆకలి యొక్కటియే. సంస్కృతమున అతిథి యను శబ్దమునకు రాకకు తిథి నియమము లేనివాడని పెద్దలు అర్థము చెప్పుదురు. ముందుగా చెప్పి వచ్చువాడు చుట్టము. చెప్పక, తెలియక, వేళ కాని వేళ వచ్చువాడే నిజమైన అతిథి.

మధ్యలో మరలిన యాత్ర

సీతమ్మగారికి అంతర్వేది స్వామిని దర్శింపవలెనని చిరకాలముగా కోరిక యుండెను. అంతర్వేది వారికి దూరదేశము కాదు. అయినను, తాము లేనపుడు వచ్చినవారు ఆకలితో మరలి పోదురేమో యను భయముచే ఆమె యిల్లు విడిచి కదలలేకుండిరి. తుదకు ఒకనాడు ఎట్లో బయలుదేఱిరి. మార్గమధ్యమున విశ్రమించియుండగా, ఎదురుగా వచ్చుచున్న యొక పెండ్లివారి బృందము మాటలు ఆమె చెవిని బడినవి. అందలి పిల్లలు ఆకలికి ఏడ్చుచుండిరి. పెద్దవారు వారిని ఓదార్చుచు, ఇంక కొంత దూరము పోయినచో గన్నవరమున సీతమ్మగారి యిల్లు వచ్చుననియు, అచ్చట కడుపునిండ అన్నము దొరకుననియు ఆశ చూపుచుండిరి. ఆ మాట విన్న తోడనే ఆమె యాత్ర మానుకొని యింటికి మరలిరి. వారు చేరునప్పటికి వంట సిద్ధమైయుండెను.

భాగవతమున రంతిదేవుని కథ చదివినవారికి ఇది జ్ఞప్తికి రాక మానదు. నలుబది యెనిమిది దినములు నిరాహారుడై యున్న ఆ రాజు, దొరకిన కొంచెపు అన్నమును నోట బెట్టుకొనబోవు వేళ ఒకరి తరువాత నొకరు వచ్చిన అతిథులకు దానిని ఇచ్చివేసెను. మిగిలిన నీటిని సైతము దాహముతో వచ్చిన పుల్కసునకు ఇచ్చెను. రంతిదేవుడు పురాణపురుషుడు. ఆ ధర్మమునే సీతమ్మగారు మన పల్లె వంటయింట నడపి చూపిరి.

ఈ కథలో మేము తలిదండ్రులకు చూపదలచిన సంగతి వేఱొకటి కలదు. ఏడ్చుచున్న ఆ పిల్లలకు పెద్దలు ఇచ్చిన ధైర్యము ఎట్టిది? తాము ఎన్నడును చూడని యొక యిల్లాలి మంచితనముపై వారికి గల నమ్మకమే. ఊరిలో అట్టి యిల్లొక్కటి యున్న చాలును, ఆ సీమలోని బిడ్డలందఱును లోకమున మంచి కలదను నమ్మకముతో పెరుగుదురు.

కలిమి, లేమి

ఇట్లు వత్సరముల తరబడి పెట్టినచో ఎట్టి ఆస్తియైనను తరుగక యుండదు. జోగన్న పంతులుగారి సంపదయు క్రమముగా తగ్గెనని చెప్పుదురు. ఆ కష్టకాలమున పొలమున త్రవ్వుచుండగా నాణెములు గల రాగిబిందె యొకటి దొరకెనని జనశ్రుతి కలదు. ఆ కథను జనులు ప్రీతితో చెప్పుకొందురు. ఆ యింటి పొయ్యి ఆరిపోరాదని వారికి గల కోరిక అందులో కనబడుచున్నది. మన బిడ్డలకు ఆ కథను చెప్పునపుడు మాత్రము, దానము చేసినచో బిందె దొరకునని నేర్పరాదు. బిందె దొరకక ముందే, దొరకునను ఆశ లేకయే, తరిగిపోవుచున్న గాదెనుండి ఆమె బియ్యము తీసినదని నేర్పవలెను. ప్రతిఫలమును లెక్కించి చేయు దానము వ్యాపారమగును.

రాజసన్మానము

1901లో విక్టోరియా మహారాణి గతించిన పిమ్మట ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి యయ్యెను. 1903 జనవరి 1వ తేదీన ఢిల్లీ నగరమున దర్బారు జరిగెను. ఆ సందర్భమున బీదలకు చేసిన దానధర్మములను మన్నించి సీతమ్మగారికి చక్రవర్తి పేర ప్రశంసాపత్రము ఇయ్యబడెను. ఉత్సవమునకు రమ్మని ఆహ్వానము వచ్చినను ఆమె పోలేదనియు, కీర్తికై తాను ఈ పని చేయుటలేదని తెలిపిరనియు చెప్పుదురు. అధికారులు ఆమె ఛాయాచిత్రమునైనను తీయించుకొన గోరగా, ఆమె మొదట నిరాకరించి, వారికి మాట వచ్చునని తెలిసిన పిమ్మట మాత్రమే సమ్మతించిరట. నేడు మనము చూచు చిత్రమున తెల్లని వస్త్రము తలపై కప్పుకొని కూర్చున్న ఆ వృద్ధురాలి ముఖమున గర్వచిహ్నము లేదు.

1909వ సంవత్సరము ఏప్రిలు 28వ తేదీన సీతమ్మగారు పరమపదించిరి. ఆ పిమ్మట గన్నవరమున పాత కట్టడమునకు మాఱుగా నిర్మించి 2000వ సంవత్సరమున తెఱచిన క్రొత్త జలవాహికకు ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పాఠశాలలయందలి మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరుంచినది. బాటసారుల కొఱకు పొయ్యి రాజవేసిన ఆమె పేరిట నేడు బడి పిల్లలు అన్నము తినుచుండుట ఉచితముగా నున్నది.

మన గృహములకు పాఠము

మేము బహువత్సరములు పిల్లలకు పాఠములు చెప్పినవారము. నీతిపద్యములను కంఠస్థము చేయించితిమి, అది మంచిదే. అయినను బిడ్డ యొక్క నడత పద్యముచే గాక, ఇంటి నడతచే ఏర్పడునని మాకు తోచినది. గుమ్మము ముందు ఎవరో నిలిచినపుడు తల్లి ముఖము ఎట్లుండునో బిడ్డ చూచును. వచ్చిన చుట్టము వెడలిన పిమ్మట తండ్రి అతనిని గూర్చి ఏమనునో బిడ్డ వినును. పనిమనిషికి ఏ గిన్నెలో, ఏ యన్నము పెట్టుదుమో బిడ్డ కనిపెట్టును. మనము వేయిమారులు బోధించిన నీతిని ఆ యొక్క చూపు నిలుపగలదు, చెఱుపగలదు. బువ్వన్నగారి కూతురు సీతమ్మగారైనది ఇట్లే.

నేటి కాలము వేఱని కొందఱు అందురు. నగరములలో అపార్టుమెంట్ల తలుపులు మూయబడియుండును; అపరిచితులతో మాటలాడరాదని బిడ్డలకు చెప్పక తప్పదు. ఆ జాగ్రత్తను మేము తప్పుపట్టము. పసివారిని కాపాడుట పెద్దల మొదటి ధర్మము. కాని జాగ్రత్త వేఱు, నిర్దయ వేఱు. బిడ్డ యొంటరిగా తలుపు తీయరాదు. తండ్రి తలుపు తీసి, ఎండలో వచ్చిన డెలివరీ కుఱ్ఱవానికి ఆ బిడ్డ చేతనే మంచినీళ్లు ఇప్పింపవచ్చును. ఇల్లు కట్టుటకై ఒరిస్సానుండియో, బీహారునుండియో వచ్చిన కూలీలకు పండుగనాడు బిడ్డల చేతులతో వడ్డింపజేయవచ్చును. పెద్దవారి నీడన నిలిచి యిచ్చుట నేర్చిన చేయి, పెద్దదైన పిమ్మట ఒంటరిగా ఇయ్యగలదు. మఱియు ఇచ్చునపుడు పుచ్చుకొనువాని మనస్సు నొవ్వరాదు. ఇచ్చిన దానిని ఫోనులో చిత్రము తీసి నలుగురికి చూపు నేటి వాడుక, ఛాయాచిత్రమునకే వెనుదీసిన ఆ తల్లి యెదుట ఎంత చిన్నదో పాఠకులే యోచింతురుగాక.

విన్నపము

ఈ సంచికలో మన పోషకుల చిత్రములు ప్రకటింపబడినవి. అది తప్పని మేము అనము. వారి ఔదార్యముచే వసతిగృహములు నడచుచున్నవి, బీదవిద్యార్థులు చదువుకొనుచున్నారు. కృతజ్ఞత చూపుట సంఘమునకు విధి. అయినను సీతమ్మగారి చరిత్రము చెప్పిన నోటితో ఒక్క విన్నపము చేయక మానలేకున్నాము. మన వసతిగృహముల ద్వారమున కులధ్రువపత్రమును అడుగుచున్నాము. మన వారికై కూర్చిన ధనము గనుక అది నియమమే కావచ్చును. కాని పరీక్ష వ్రాయుటకో, ఉద్యోగపు పిలుపునకో పరాయి యూరినుండి వచ్చి, రాత్రివేళ తల దాచుకొన చోటు లేక తిరుగు ఏ కులపు విద్యార్థికైనను రెండు పడకలును, రెండు పూటల అన్నమును ప్రతి వసతిగృహమునందును ఎల్లప్పుడును ఉంచుటకు ఈ మహాసభ తీర్మానింపవలెనని మా ప్రార్థన. అందులకగు వ్యయము స్వల్పము. అందు నివసించు మన బాలురు, తమ పంక్తిని పరుడొకడు కూర్చుండి భుజించుటను దినదినమును చూచుచు పెరుగుదురు. మన సంఘము వారికి ఇయ్యగల విద్యలలో అది తక్కువది కాదు.

కులము పెద్దదగుట ఎందఱు సభ్యులున్నారను లెక్కచే గాదు. దాని నీడను ఎందఱు పరులు సేదదీరిరను దానిచేత. ఈ మాట కఠినముగా తోచినచో, వృద్ధుడగు ఉపాధ్యాయుని మాటగా భావించి మన్నింతురని నమ్ముచున్నాము. మన యిండ్లయందు పొయ్యిలు చల్లారకుండుగాక! మన బిడ్డలు బువ్వన్నగారి వంటి తండ్రులను, సీతమ్మగారి వంటి తల్లులను చూచి పెరుగుదురుగాక! సర్వేశ్వరుడు మన సంఘమునకు అట్టి బుద్ధిని, శక్తిని ప్రసాదించుగాక!